నిండు బస్సు ఆగడానికి పట్టే దూరం

మూడో అంతస్తు. ఇనుప జాలీ లిఫ్టు చెడి చాన్నాళ్ళయింది.
గురువారం నాలుగింటికి మెట్లెక్కుతాను,
చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు,
లోపల ఏం చెప్పాలో తెలీని నోరు.

పంపింది డిపో సంఘం కార్యదర్శి ఎబెర్.
జూలై చలిలో, రాంబ్లా రోడ్డు మీద,
నదో సముద్రమో తేల్చుకోని ఆ మట్టినీళ్ళ పక్కన
ఎవరూ లేని స్టాపులో బస్సాపి
ముందు తలుపు తెరిచి
నాలుగు నిమిషాలు కూర్చున్నానట.
ఒక్క ప్రయాణికుడూ అరవలేదట.
"అరిచుంటే నీకు మెమో ఇచ్చేవాణ్ణి విల్మార్,
అరవలేదు కాబట్టి ఈ చీటీ" అన్నాడు.

ఎలీదా ఎక్కే స్టాపు అది.
బడిపిల్లల తెల్లగౌన్ల మూట ఒళ్ళో పెట్టుకుని
నా వెనక సీట్లో,
నా భార్యనని ఎవరికీ చెప్పకుండా,
టికెట్టు కొనుక్కుని మరీ.

మొదటి నెలంతా బ్రేకుల గురించే మాట్లాడాను.
గాలి ఎక్కడ లీకవుతుందో,
వానలో ఎంత ముందుగా తొక్కాలో.
మహేలా వింది. నా కూతురంత ఉంటుంది.
నాకు కూతురు లేదు.
కాలమే మందు అంటుందేమో, అంటే లేచిపోదామని
తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేవాణ్ణి.
అనలేదు.
ఒక గురువారం మాత్రం అడిగింది:
"నిండు బస్సు ఆగడానికి ఎంత దూరం పడుతుంది?"

ఇరవై ఏడేళ్ళ సర్వీసు నాది.
నోరు పెగల్లేదు.

మాతే తాగడానికి మా దగ్గరో పద్ధతుంది.
ఒకటే బుర్ర, ఒకటే గొట్టం, చేదాకు.
పోసేవాడు పోస్తూనే ఉంటాడు,
తాగినవాళ్ళు మాట్లాడకుండా బుర్ర తిరిగిస్తారు.
"గ్రాసియాస్" అన్నారా,
దండం కాదది. ఇక చాలని.
ఆ మాటన్నాక మళ్ళీ వంతు రాదు.

ఆసుపత్రిలో, నర్సు అటు తిరిగినప్పుడు
గోరువెచ్చగా ఒక్క గుక్క పట్టాను.
పెదవి తడిసింది. కళ్ళు తెరవలేదు.
గ్రాసియాస్, అంది.

ఇప్పుడు చెప్పండి డాక్టరమ్మా.
మాతే చాలన్నదా?
నొప్పి చాలన్నదా?
నేను చాలన్నదా?
లేక లోకమంతా వాడే అర్థంలోనే అందా,
దుకాణంలో చిల్లర తీసుకున్నంత మామూలుగా,
నేనే ఇన్నాళ్ళూ తప్పుగా మోస్తున్నానా?

మహేలా కలం కింద పెట్టింది.
"తెలీదు" అంది.
చదువుకున్న మనిషి అంత తేలిగ్గా ఆ మాటనడం
నేనెప్పుడూ వినలేదు.
"మీతోపాటు నేనూ తెలీకుండా కూర్చుంటాను.
ఇంకా ఇరవై నిమిషాలుంది."

కూర్చున్నాం.
కింద వీధిలో ఏదో బస్సు నిట్టూర్చింది.
పాత మోడలు, వెనక డ్రమ్ము అరిగిపోయింది.
ఆ సంగతీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను.
తడిరోడ్డు మీదైతే, అన్నాను,
ఎంత దూరమో లెక్క కట్టలేం.

ఆమె తాగిన బుర్ర నాలుగు నెలలుగా కడగలేదని
ఆ తర్వాతి వారం ఒప్పుకున్నాను.
బుర్రకి బూజు పట్టిందన్నాను.
ఏ బుర్రకి అని అడగలేదు.
"వాసన ఎలా ఉంది?" అంది.
మూసిన గదిలో తడిబట్టలా, అన్నాను,
పారేయమంటుందని భయపడుతూ.

ఆదివారం చెంచాతో గీకాను.
అడుగున సన్నటి బీట.
ఇక నీళ్ళు నిలవవు.
కిటికీలో బోర్లించాను, అక్కడే ఉంది.
సంతలో కొత్త బుర్ర కొని, తడి ఆకు కూరి
మూడు రాత్రులు నానబెట్టాను.
మా భాషలో ఆ పనికీ, పుండు మాన్పడానికీ ఒకటే మాట.
దాని మీద నాకేం నమ్మకం లేదు.
బుర్ర నానింది, అంతే.

నిన్న గురువారం.
మొదటిసారి ఫ్లాస్కు మూత తీశాను.
కొత్త బుర్ర, ఇంకా పచ్చివాసన.
మహేలా తాగింది. మొహం చిట్లించింది.
చక్కెర లేని అలవాటు లేదనుకుంటా.
ఏమీ అనలేదు.
బుర్ర తిరిగి నా చేతికిచ్చి
చూస్తూ ఉంది.

నీళ్ళు చల్లారిపోయాయి.
అయినా పోశాను.